'టెన్షన్లు పెట్టుకోకండి' అంటే సరిపోదు: గుండె వైద్యులకు, ఆరోగ్యశాఖకు ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల హృద్రోగ నిపుణులకు, వైద్య ఆరోగ్యశాఖ అధికారులకు, ప్రభుత్వ ఆరోగ్య పథకాలను నిర్వహిస్తున్న బాధ్యులకు నమస్కారాలు.

అయ్యా, అమ్మా,

నేను గోదావరి డెల్టాలో ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పే ఉపాధ్యాయురాలిని. వైద్యురాలిని కాను. మీ చేతుల్లో నిలబడిన ప్రాణాల్లో మా అన్నయ్య ప్రాణం ఒకటి కాబట్టి, ఆ కృతజ్ఞత నాకు ఉన్నదన్న సంగతి ఇక్కడే చెప్పి అసలు విషయానికి వస్తాను. ఈ ఉత్తరంలో రాసినదంతా మొదట చికిత్స జరిగిన ఆస్పత్రికి రాతపూర్వకంగా విన్నవించాను. జవాబు రాలేదు. తరువాత జిల్లా స్థాయిలో అర్జీ పెట్టాను. పదకొండు రోజులకు 'మీ అర్జీ పరిష్కరించబడినది' అని ఫోనుకు సందేశం వచ్చింది. ఆ పదకొండు రోజుల్లో నాతో గానీ, అన్నయ్యతో గానీ ఒక్కరూ మాట్లాడలేదు. ఏది పరిష్కారమైందో తెలియకనే ఇప్పుడు అందరి ఎదుటా రాస్తున్నాను.

అన్నయ్య బస్సు డ్రైవరు. ఒక ప్రైవేటు యజమాని దగ్గర రాత్రి సర్వీసులు నడిపేవాడు. యాభై ఒకటో ఏట తెల్లవారుజామున బస్సు దింపి ఇంటికి వస్తుండగా గుండెపోటు వచ్చింది. ప్రభుత్వ పథకం కింద పైసా ఖర్చు లేకుండా స్టెంటు వేశారు, నాలుగో రోజున ఇంటికి పంపారు. ఆ డిశ్చార్జి సమ్మరీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. షుగరు ఉన్నదా, బీపీ ఉన్నదా, పొగ తాగుతారా, తండ్రికి గుండె జబ్బు ఉన్నదా అన్న ప్రశ్నలన్నిటికీ అందులో గడులు ఉన్నాయి, అన్నీ శ్రద్ధగా నింపి ఉన్నాయి. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ దశాంశాలతో సహా ఉంది. గుండె పంపింగ్ 48 శాతం అని ఉంది. అట్టడుగున, మందుల జాబితా కింద, పెన్నుతో ఒక ముక్క రాసి ఉంది: 'అవాయిడ్ స్ట్రెస్'. రౌండ్స్ ముగించి వెళ్తూ డాక్టరు గారు దాన్ని తెలుగులో చెప్పారు. "టెన్షన్లు పెట్టుకోకండి."

అన్నయ్య పెట్టుకోలేదు. అవే వచ్చి కూర్చున్నాయి. స్టెంటు వేసిన మనిషికి స్టీరింగ్ ఇవ్వనని యజమాని ఇంకొకరిని పెట్టుకున్నాడు. ఆ నిర్ణయం ప్రయాణికుల భద్రత దృష్ట్యా సరైనదే కావచ్చు గానీ, దాని బదులు ఇంకో పని చూపినవారు లేరు. చిట్టీ పాట ముందే ఎత్తి కూతురి చదువుకు కట్టేశాడు కనుక నెలనెలా వాయిదా తప్పదు. ఇరవై ఆరేళ్లు రాత్రిళ్లు మెలకువగా ఉన్న మనిషికి ఇప్పుడు రాత్రి నిద్ర రాలేదు, పగలు అరుగు మీద కూర్చుని రోడ్డు మీద పోయే బస్సుల వంక చూసేవాడు. ఆరో నెలలో మళ్లీ గుండెపోటు వచ్చింది. స్టెంటులోనే రక్తం గడ్డకట్టిందన్నారు.

ఐసీయూ బయట కూర్చున్న మా దగ్గరికి వదిన ఒక బిస్కట్ల డబ్బా తెచ్చింది. రక్తం గడ్డకట్టకుండా రాసిన మాత్రల స్ట్రిప్పులు అందులో వరుసగా పేర్చి ఉన్నాయి. ఒక్కొక్క దానిలో మొదటి రెండు మూడు మాత్రలే లేవు, మిగతావన్నీ అలాగే ఉన్నాయి. అంటే ఆయన చెకప్‌కు వెళ్లాడు, సంతకం పెట్టాడు, మాత్రలు తెచ్చుకున్నాడు, డబ్బాలో పెట్టాడు. మీ రిజిస్టరులో ఆయన మందులు క్రమం తప్పకుండా అందుకుంటున్న రోగి. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టరు ఒకామె సెలైను మారుస్తూ, "ఎందుకు వేసుకోలేదన్నా?" అని అడిగింది. "వేసుకుని ఏం చెయ్యాలమ్మా" అన్నాడు ఆయన. మొదటి గుండెపోటు తరువాత ఆరు నెలల్లో, నాలుగు చెకప్పుల్లో, ఆయన మనసులో ఉన్న ఈ మాట బయటికి వచ్చే ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే. ఇప్పుడు ఆయన పంపింగ్ 30 శాతం. మెట్లెక్కితే ఆయాసం.

ఇందులో ఏ ఒక్క వైద్యుడి మీదా నేను నిర్లక్ష్యం మోపడం లేదు. ఓపీలో రోగికి మూడు నిమిషాలు కూడా దక్కని చోట, ఫారంలో గడి లేని ప్రశ్నను ఎవరూ అడగరు. నా ఫిర్యాదు ఆ గడి లేకపోవడం మీదే. అది లేకపోవడం వల్ల సామాన్యుల మీద ఏమి పడుతున్నదో, శాస్త్రం ఇప్పటికే ఏమి తేల్చిందో కింద వరుసగా పెడుతున్నాను. మీకు తెలియదని కాదు. తెలిసీ ఆచరణలో లేదన్నదే నా బాధ.

1. మనసు, సంసారం, అప్పు అనేవి గుండె జబ్బుకు పక్కవాద్యాలు కావు. హృద్రోగ పరిశోధకుడు సలీం యూసుఫ్ నాయకత్వంలో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం భారతదేశంతో సహా 52 దేశాల్లో తొలి గుండెపోటుతో ఆస్పత్రికి వచ్చిన సుమారు 15 వేల మందిని, దాదాపు అంతే సంఖ్యలో గుండెపోటు రానివారితో పోల్చి చూసింది. పొగాకు, కొలెస్ట్రాల్, బీపీ, షుగరు, పొట్ట చుట్టూ కొవ్వు వంటి తొమ్మిది ప్రధాన కారణాల్లో మానసిక, సామాజిక ఒత్తిడి ఒకటిగా నిలిచింది. పనిలోనూ ఇంట్లోనూ ఒత్తిడి, డబ్బు ఇబ్బంది, కుంగుబాటు, జీవితంలో తగిలిన పెద్ద దెబ్బలు, తన బతుకు తన చేతిలో లేదన్న భావం కలిపి లెక్కిస్తే, గుండెపోట్లలో దాదాపు మూడో వంతును వాటికి ఆపాదించవచ్చని తేలింది. ఆ అధ్యయనంలోనే దక్షిణాసియా వారికి తొలి గుండెపోటు వచ్చిన మధ్యస్థ వయసు 53 ఏళ్లు కాగా, మిగతా దేశాల వారికి దాదాపు 59. అంటే మన దగ్గర ఇది పిల్లల చదువులు, పెళ్లిళ్లు, ఇంటి అప్పు తీరకముందే, సంపాదించే మనిషి మీద పడే జబ్బు. గుండెపోటు ఒత్తిడిని తెస్తుంది, ఒత్తిడి రెండో గుండెపోటును పిలుస్తుంది.

2. గుండెపోటు తరువాతి కుంగుబాటు 'సహజమే, అదే పోతుంది' అని వదిలేసేది కాదు. గుండెపోటు వచ్చినవారిలో దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరికి తీవ్రమైన కుంగుబాటు ఉంటుంది. కెనడాలోని మాంట్రియల్‌లో నాన్సీ ఫ్రాజర్-స్మిత్ బృందం 222 మంది రోగులను పరిశీలించి 1993లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, కుంగుబాటు ఉన్నవారికి ఆరు నెలల్లోపు మరణించే ప్రమాదం, గుండె దెబ్బతిన్న తీవ్రతను లెక్కలోకి తీసుకున్నాక కూడా, లేనివారికంటే సుమారు నాలుగు రెట్లు. గుండె రోగులను కుంగుబాటు కోసం పరీక్షించాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2008లో సూచించింది. గుండెపోటు తరువాత కోలుకోవడాన్ని దెబ్బతీసే ప్రమాద కారకంగా కుంగుబాటును గుర్తించాలని 2014లో మరో ప్రకటన చేసింది. జీవశాస్త్రం చెప్పేదాన్ని కనుక పిల్లలకు చెప్పినట్టే చెబుతాను: దీర్ఘకాలపు దిగులులో ఎడ్రినలిన్, కార్టిసాల్ వంటి హార్మోన్ల తీరు మారుతుంది, రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు సులువుగా అతుక్కుంటాయి, రక్తనాళాల్లో వాపు గుణం పెరుగుతుంది, గుండె లయకు ఉండవలసిన సహజమైన హెచ్చుతగ్గులు తగ్గుతాయి. ఇదంతా లోపల జరిగేది. బయట జరిగేది ఇంకా సూటిగా ఉంటుంది. దిగులు పడ్డ మనిషి మళ్లీ సిగరెట్టు ముట్టిస్తాడు, నడకకు లేవడు, మాత్రలు డబ్బాలో పెడతాడు.

3. గుండెపోటు కలవారి జబ్బు, పెద్ద ఉద్యోగుల జబ్బు అన్న నమ్మకం మన ఊళ్లలో ఇంకా పోలేదు. లండన్‌లో 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసే సుమారు 18 వేల మంది పురుషులను పరిశీలించింది. పై అధికారులకంటే బంట్రోతులు, ద్వారపాలకుల వంటి అట్టడుగు ఉద్యోగుల్లో గుండె జబ్బు మరణాల రేటు మూడు రెట్లకు పైగా ఉంది. పొగ, బీపీ, కొలెస్ట్రాల్ తేడాలు ఆ అంతరంలో కొంత భాగాన్నే వివరించగలిగాయి. పని భారం ఉండి, ఆ పని మీద అధికారం లేకపోవడం గుండెకు చేటని తరువాతి పరిశోధనలు చూపాయి. మన దేశంలో 89 ఆస్పత్రుల్లో 20,468 మంది రోగులతో జరిగి 2008లో వెలువడిన 'క్రియేట్' అనే గుండెపోటు రోగుల వివరాల నమోదులో, 30 రోజుల్లోపు మరణించినవారు పేదల్లో 8.2 శాతం, సంపన్నుల్లో 5.5 శాతం. అందిన చికిత్సలోని తేడాను లెక్కలోంచి తీసేస్తే ఆ అంతరం కనిపించకుండా పోయింది. ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం ఇంకేమి కావాలి? ఇక పల్లెల సంగతి. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణ కారణాలను సేకరించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే అని తేలింది. అవి మా ఊళ్లు. వరి చేలు, చేపల చెరువులు, కౌలు రైతులు ఉన్న ఊళ్లు.

4. పని గంటలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఇచ్చిన అంచనా ప్రకారం వారానికి 55 గంటలు, అంతకుమించి పనిచేసేవారికి, 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే, గుండె జబ్బుతో మరణించే ప్రమాదం 17 శాతం, పక్షవాతం వచ్చే ప్రమాదం 35 శాతం ఎక్కువ. 2016లో దీర్ఘ పని గంటల కారణంగా ప్రపంచవ్యాప్తంగా 7 లక్షల 45 వేల మంది ఈ రెండు జబ్బులతో మరణించారని ఆ సంస్థలు లెక్కగట్టాయి. మోటారు రవాణా కార్మికులకు సాధారణంగా రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని 1961 నాటి చట్టంలోనే హద్దు గీశారు. అన్నయ్య డబుల్ డ్యూటీ చేసిన వారాల్లో గంటలు లెక్కపెట్టినవారెవరూ లేరు, ఆయనతో సహా.

5. ఆడవారి విషయంలో ఇదే మాట తిరగబడుతుంది. మగవాడి టెన్షన్ గురించి ఎవరూ అడగరు, ఆడమనిషి ఛాతీ నొప్పిని మాత్రం టెన్షన్ అనో గ్యాస్ అనో ఇంటికి పంపేస్తారు. నాతో పనిచేసే ఒక ఉపాధ్యాయురాలు భర్త పోయిన మూడో వారంలో దవడ లాగుతున్నదని, ఆయాసంగా ఉన్నదని వెళ్తే, ఈసీజీ తీయకుండానే నిద్రమాత్ర రాసి పంపారు. ఆత్మీయులను పోగొట్టుకున్న తొలి రోజుల్లో గుండెపోటు ప్రమాదం ఎంతో పెరుగుతుందన్నది వైద్యులకు తెలిసిన సంగతే. తీవ్రమైన దుఃఖంలో, ముఖ్యంగా నెలసరి ఆగిన స్త్రీలలో, రక్తనాళాల్లో అడ్డంకి లేకపోయినా గుండె ఎడమ గది ఉబ్బి బలహీనపడే పరిస్థితిని జపాన్ వైద్యులు 1990లో వర్ణించి, ఆక్టోపస్‌లను పట్టే కుండ ఆకారంలో గుండె కనిపించినందుకు 'టాకోత్సుబో' అని పేరు పెట్టారు. మనసుకు తగిలిన దెబ్బ గుండె మీద కనబడుతుందని చెప్పడానికి దీన్ని మించిన రుజువు లేదు. కాబట్టి 'ఇది టెన్షనే' అన్న మాట ఈసీజీ తీయకపోవడానికి కారణం కారాదు.

ఇక్కడ నా వాదనకు ఎదురు నిలిచే సంగతులను కూడా నేనే చెప్పాలి, లేకపోతే మీరు ఈ ఉత్తరాన్ని పక్కన పెడతారు. అమెరికాలో దాదాపు 2,500 మంది గుండెపోటు రోగులతో జరిగి 2003లో వెలువడిన ఎన్‌రిచ్డ్ ప్రయోగంలో, కౌన్సెలింగ్ వల్ల కుంగుబాటు, ఒంటరితనం తగ్గాయి గానీ మరణాలు, మళ్లీ వచ్చే గుండెపోట్లు తగ్గలేదు. మన దేశంలో 24 కేంద్రాల్లో సుమారు 4 వేల మందితో జరిగిన యోగా ప్రయోగంలో రోగులు తమ ఆరోగ్యం మెరుగుపడిందని చెప్పారు, మునుపటి పనుల్లోకి తిరిగి వెళ్లగలిగారు. మళ్లీ గుండెపోటు రావడంలో, మరణాల్లో మాత్రం తేల్చి చెప్పగల తేడా కనబడలేదు. కాబట్టి మనసుకు చికిత్స చేస్తే గుండెపోటు ఆగిపోతుందని నేను అనడం లేదు. కుంగుబాటు తనంతట తానే ఒక జబ్బు, దానికి చికిత్స ఉంది, సెర్ట్రలిన్ అనే కుంగుబాటు మందు గుండె రోగులకు సురక్షితమని 2002 నాటికే తేలింది. రోగి మాత్రలు వేసుకోవడం లేదని తెలుసుకునే దారి కూడా ఆయన మనసు గురించి అడగడమే. అడగడానికి ఈ రెండు కారణాలు చాలు.

ఇంకొక హెచ్చరిక. మనసు మాట ఎత్తగానే నేరం రోగి స్వభావం మీదికి నెట్టడం పాత అలవాటు. 'వాడికి ముక్కు మీద కోపం, అందుకే గుండెపోటు' అని ఊళ్లో అంటారు. 1959లో ఫ్రీడ్‌మన్, రోజెన్‌మన్ అనే అమెరికన్ వైద్యులు ప్రతిపాదించిన, తొందర, పోటీతత్వం, కోపం ఉన్నవారికే గుండెపోటు ఎక్కువనే 'టైప్ ఎ' వ్యక్తిత్వ సిద్ధాంతానికి ఎంతో ప్రచారం వచ్చింది. సిగరెట్టు కంపెనీలు, తమ సరుకు మీద వేలు చూపకుండా ఉంటుందని, ఆ పరిశోధనలకు డబ్బులిచ్చాయని తరువాత బయటపడింది. నేను అడుగుతున్నది రోగి గుణగణాల విచారణ కాదు. ఆయన ఇంటి పరిస్థితి, ఆయన దిగులు, ఆయన పని గురించి మాత్రమే అడగమంటున్నాను.

మా కోరికలు ఇవి.

1. స్టెంటు గానీ బైపాస్ గానీ జరిగిన ప్రతి రోగికీ డిశ్చార్జి రోజున, ఆపైన ప్రతి చెకప్‌లో, తెలుగులో రెండు ప్రశ్నలు తప్పనిసరి చేయాలి. గడచిన రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేనట్టు అనిపించిందా? దిగులుగా, ఇక ఏమీ లేదన్నట్టుగా అనిపించిందా? అవునంటే, ప్రపంచమంతా వాడుకలో ఉన్న తొమ్మిది ప్రశ్నల జాబితా మొత్తం అడగాలి. దీనికి డాక్టరే కూర్చోనక్కరలేదు. స్టాఫ్ నర్సు అడగవచ్చు, పథకం కౌంటరులో ఉండే ఆరోగ్యమిత్ర అడగవచ్చు. జవాబు డిశ్చార్జి సమ్మరీలో క్రియాటినిన్ పక్కన ఉండాలి.

2. 'మాత్రలు ఇచ్చాం' అన్న లెక్కను 'వేసుకున్నారు' అన్న లెక్కగా చూపడం మానాలి. చెకప్‌కు వచ్చేటప్పుడు పాత స్ట్రిప్పులు తెమ్మనండి, లెక్కపెట్టండి. మిగిలి ఉంటే తిట్టకుండా ఎందుకని అడగండి. తిడతారన్న భయం ఉన్నచోట ఆ డబ్బా బయటికి రాదు.

3. అడిగాక పంపడానికి ఒక చోటు ఉండాలి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచి కాగితం మీద ఉంది, ఫోనులో మానసిక సహాయం అందించే ప్రభుత్వ సేవ టెలిమానస్ 14416 నంబరు 2022 అక్టోబరు నుంచి పనిచేస్తున్నది, ప్రభుత్వం నడిపే సేవల ద్వారా మానసిక వైద్యం పొందే హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ప్రతి పౌరుడికీ రాసి ఉంది. వీటికీ గుండె ఓపీకీ మధ్య తలుపు లేదు. చచ్చిపోవాలనిపిస్తున్నదని రోగి చెబితే ఆ రోజే మానసిక వైద్యుడికి చూపించే ఏర్పాటు ప్రతి జిల్లా ఆస్పత్రిలో లిఖితపూర్వకంగా ఉండాలి. పథకం ప్యాకేజీలో కౌన్సెలింగ్‌కు, కుంగుబాటు మందులకు చోటు కల్పించాలి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు పేదవాడికి గుండె ఆపరేషన్ ఉచితమని వింటే నమ్మలేదు మేము. ఆ పని చేయగలిగిన వ్యవస్థకు ఇది భారం కాదు.

4. ఇంటికి పంపిన తొలి నెలలో ఏఎన్ఎం గానీ ఆశా కార్యకర్త గానీ ఒక్కసారైనా ఇంటికి వెళ్లి బీపీతో పాటు ఆ రెండు ప్రశ్నలూ అడగాలి. పశ్చిమ గోదావరి పల్లెల్లోనే ఆశా కార్యకర్తలు చేతిలో ట్యాబ్ పట్టుకుని కుంగుబాటును గుర్తించి వైద్యుడి దగ్గరికి పంపిన ప్రాజెక్టు జరిగింది. చేయగలరని అప్పుడే తేలింది. అయితే ఇప్పటికే పదిరకాల సర్వేలతో సతమతమవుతున్న ఆశాల మీద ఇది పారితోషికం లేని పదకొండో పనిగా పడకూడదు.

5. గుండె జబ్బు వచ్చిన కార్మికుడిని 'ఫిట్ కాదు' అని ఒక్క ముక్కలో తేల్చకుండా, ఏ పని చేయగలడో, ఎన్ని గంటలు చేయగలడో రాసిన ధ్రువపత్రం వైద్యులు ఇవ్వాలి. ఆరోగ్యశాఖ, కార్మికశాఖ కలిసి దానికి ఒక నమూనా తయారు చేయాలి. డిపోలో టికెట్ల లెక్క చూసే పని దొరికినా అన్నయ్య అరుగు మీద కూర్చునేవాడు కాదు.

6. ఛాతీ, దవడ, భుజం నొప్పితోనో, ఆయాసంతోనో వచ్చిన స్త్రీకి ఈసీజీ తీయకుండా 'టెన్షన్' అని రాయరాదని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి కార్పొరేట్ ఆస్పత్రి వరకు ఉత్తర్వు ఇవ్వాలి.

వీటిలో మొదటి రెండింటికి కొత్త యంత్రం అక్కరలేదు, కొత్త భవనం అక్కరలేదు, ఒక ఫారం తిరిగి అచ్చు వేస్తే చాలు. హృద్రోగ నిపుణుల సంఘాలు ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఎదురుచూడకుండా తమ ఆస్పత్రుల్లో రేపే మొదలుపెట్టవచ్చు. మిగతావాటి మీద రెండు రాష్ట్రాల ఆరోగ్యశాఖలు 60 రోజుల్లోగా తమ నిర్ణయాన్ని, కుదరదంటే కుదరని కారణాన్ని, బహిరంగంగా తెలియజేయాలని కోరుతున్నాను. 'పరిష్కరించబడినది' అన్న సందేశం మాత్రం దయచేసి మళ్లీ పంపవద్దు.

వచ్చే నెల రెండో మంగళవారం అన్నయ్యకు చెకప్ ఉంది. వదిన పాత స్ట్రిప్పులన్నీ సంచిలో పెట్టి ఉంచింది. ఈసారి ఎవరూ అడగకపోయినా మేమే బల్ల మీద పెడతాం.

ఇట్లు,
ఒక గుండె రోగి చెల్లెలు, ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు